అబ్బాకు తెలిసిన నంబర్లు

మా అబ్బాకు మనుషుల పేర్లు గుర్తుండవు. నంబర్లు గుర్తుంటాయి. ఏలూరు రోడ్డుకు ఆనుకున్న సందులో నలభై ఏళ్ళుగా బండ్లకు నంబరు ప్లేట్లు రాస్తున్నాడు. పెళ్ళికి వెళ్తే భోజనాల బల్ల దగ్గర ఎవరినో చూపించి, "ఆయనది చివర రెండు సున్నాలు, ఎర్ర స్కూటరు, అమ్మేశాడో ఏమో" అంటాడు. ఆయన పేరేమిటని అడిగితే తెల్లమొహం వేస్తాడు. పరిచయం లేని మనిషి కొట్టు ముందు నుంచి వెళ్ళినా బండి వెనక భాగం చూసి, ఆ ప్లేటు తాను రాసిందే అయితే, ఏ ఏడు రాశాడో, ఏ రంగు మీద రాశాడో చెప్పేస్తాడు. ఇది మా ఇంట్లో అందరికీ గొప్పే. నా చిన్నప్పుడు బడిలో మిగతా పిల్లలు వాళ్ళ నాన్నల ఉద్యోగాలు చెప్పుకుంటే నేను ఈ సంగతి చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు కొత్త బండ్లకు ప్లేట్లు షోరూము నుంచే బిగించి ఇస్తున్నారు. అబ్బాకు పాత బండ్లూ, ఆటోల పక్కల మీద రాతలూ మిగిలాయి. నోట్లు తగ్గి అందరూ ఫోన్లతో కట్టడం మొదలయ్యాక ఇంకో పని వచ్చింది. కొబ్బరిబొండాల బండి దగ్గర్నుంచి బట్టల కొట్టు దాకా ప్రతివాళ్ళకూ స్కానరు బొమ్మ నిలబెట్టుకోవడానికి ప్లాస్టిక్ స్టాండు కావాలి. అది కోసి, వంచి, కింద కొట్టు పేరు రాసి ఇస్తాడు. మా సందులో ఉన్న స్కానర్లన్నీ అబ్బా చేతి స్టాండ్ల మీదే నిలబడి ఉన్నాయి.

మా బెజవాడలో బండి కొనడం ఒక ఎత్తు, దానికి నంబరు కొనడం ఒక ఎత్తు. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలంటాడు ఒకడు. కూతురు పుట్టిన తేదీ కావాలంటాడు ఇంకొకడు. బండి ఖరీదులో సగం పోసి నంబరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అంత కష్టపడి తెచ్చుకున్నాక దాన్ని ఒక్క బండికే ఎందుకు వదిలేస్తారు? ఫోను నంబరు చివర అదే. సూట్‌కేసు తాళం అదే. బ్యాంకు కార్డు పిన్ను కూడా అదే. అబ్బా కుంచె పట్టుకుని కూర్చుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ, "ఇదే నా ఏటీఎం పిన్ను కూడా భాయ్, ఇక మర్చిపోయే పనే లేదు" అని సంబరంగా చెప్పేవాళ్ళు. అబ్బా తల ఊపి సున్నా చుట్టేవాడు. ఆ నంబర్లలో ఒక్కటి కూడా నేనిక్కడ రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

అలా చెప్పినవాళ్ళలో ఒక చేపల వ్యాపారి ఉన్నాడు. బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. తాతల నుంచి వేట. ఈయన మాత్రం వల వదిలేసి వ్యాపారంలోకి వచ్చాడు. మోటారు సైకిలు వెనక ఐసు పెట్టెలు కట్టుకుని పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ మార్కెట్టుకు సరుకు తెచ్చేవాడు. ఉప్పునీళ్ళకు ప్లేటు మీద అంకెలు ఏడాదికోసారి చెరిగిపోయేవి. ఏడాదికోసారి మా కొట్టుకు వచ్చేవాడు. అబ్బాను బాబాయ్ అని పిలిచేవాడు. వచ్చినప్పుడల్లా కాగితంలో చుట్టి నాలుగు చేపలు తెచ్చేవాడు. వద్దంటే ఊరుకునేవాడు కాదు.

రెండేళ్ళ కిందట ఆయనకు బ్యాంకువాళ్ళు క్రెడిట్ కార్డు ఇచ్చారు. దాన్ని మా కొట్టుకు తెచ్చి చూపించాడు కూడా. చదువుకోలేదు, కార్డు వచ్చిందంటే మనిషికి విలువ వచ్చిందని సంతోషం. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. "జాగ్రత్తగా పెట్టుకోండి" అన్నాను. "బండి పెట్టెలోనే ఉంటదమ్మా, తాళం వేసే ఉంటది" అన్నాడు. ఆ మాటకు నేనూ ఏమీ అనలేదు. అనవలసింది.

కిందటి ఎండాకాలంలో ఒక ఉదయం ఆయన మార్కెట్టులో సరుకు దించుతుంటే, బయట ఆపిన బండి పెట్టె తాళం ఎవరో విరగ్గొట్టారు. పర్సు పోయింది. అందులో కార్డు. ఆయన చేతులు ఐసులో ఉన్నాయి, ఫోను మెడలో ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది, కుయ్ కుయ్ మంటే తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. చూసేసరికి బందరు రోడ్డులో ఒక బంగారు కొట్టులో ఆ కార్డు గీకి నాణేలు కొనుక్కుని వెళ్ళిపోయాడు దొంగ. పిన్ను మొదటిసారికే సరిగ్గా కొట్టాడు. బ్యాంకువాళ్ళు కార్డు ఆపేశారు గానీ, సొమ్ము సంగతి అడిగితే, "పిన్ను కొట్టి కొన్నారు కాబట్టి అది మీరు ఎవరికో చెప్పి ఉంటారు, మా బాధ్యత లేదు" అన్నారు. ఎవరికి చెప్పానా అని ఆయన ఆలోచించుకున్నాడు. మా అబ్బా గుర్తొచ్చాడు.

మర్నాడు పది గంటలకు, సందులో కొట్లన్నీ తీసి ఉన్న వేళ వచ్చాడు. వెంట చేపలు లేవు. నాకు వేసవి సెలవులు, అబ్బాకు టిఫిను ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాను. ఆయన కొట్టు మెట్టెక్కలేదు. రోడ్డు మధ్యలో నిలబడి అరిచాడు.

"నా పిన్ను తెలిసింది భూమ్మీద మీ ఒక్కరికే బాబాయ్! ఇంకెవరికీ చెప్పలేదు నేను. నా పెళ్ళానికి కూడా చెప్పలేదు. మీరు ఎవరికి చెప్పారో చెప్పండి!"

అబ్బా చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది. ఎదురుగా స్పేరు పార్టుల కొట్టాయన బయటికి వచ్చాడు. టీ కొట్టు దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్ళు ఇటు తిరిగారు. నేను ఊరుకుంటానా? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నోరు అదుపులో పెట్టుకోండి" అని నేనూ అరిచాను. దానివల్ల ఇంకో పది మంది చేరారు తప్ప లాభం లేకపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ పోలీసు స్టేషనుకు వెళ్ళాడు.

ఆ వారంలో మా కొట్టు ముందు స్టూలు ఖాళీగా ఉంది. ఎవరూ అబ్బాను దొంగ అనలేదు. ఆ మాట నేరుగా అని ఉంటే తిరిగి నాలుగు అంటించి ఉండేదాన్ని. కానీ వచ్చినవాళ్ళు పని చెప్పి దూరంగా నిలబడేవాళ్ళు. ఒకాయన నంబరు రాయించుకుంటూ, అడక్కుండానే, "నా పిన్ను వేరే లెండి" అన్నాడు. అబ్బా ఇంటికి వచ్చి అన్నం కలిపి అలాగే కూర్చున్నాడు. మా ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం. అబ్బాకు బాధ కలిగితే మాత్రం తెలుగు వస్తుంది, కొట్టు మాట గనక.

"నలభై ఏళ్ళు నంబర్లు గుర్తుపెట్టుకున్నానని మురిసిపోయాను. అదే నా మెడకు చుట్టుకుంది" అన్నాడు. "రేపటి నుంచి కొట్టు తియ్యను."

మా అబ్బా కొట్టు తియ్యకపోతే ఆయన చెయ్యని తప్పు ఒప్పుకున్నట్టే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఏడుపు వచ్చింది. ఏడవడం ఇష్టం లేక ప్రశ్నలు మొదలుపెట్టాను. నేను బడిలో లెక్కలు చెబుతాను. లెక్క తేలకపోతే మళ్ళీ మొదటి గీత నుంచి రావడం నాకు అలవాటు.

"ఆయనొక్కడేనా నీకు పిన్ను చెప్పింది?"

"ఒక్కడేంటి! సగం మంది చెబుతారు. బండి నంబరే కదా, అదేమైనా దాచుకునేదా?"

ఆ మాట అంటుండగానే నాకు వెలిగింది. బండి నంబరు దాచుకునేది కాదు. బండికి ముందొకటి, వెనకొకటి, అబ్బా చేత పెద్దగా రాయించుకుని ఊరంతా తిప్పుకునేది. దొంగ విరగ్గొట్టిన పెట్టె ఆ బండిదే. పర్సు తీసుకుని లేచి నిలబడితే ఎదురుగా కనిపించింది ఆ ప్లేటే. వాడికి మా అబ్బాతో పనేమిటి?

ఇంకోటి కూడా వెలిగింది, అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా కార్డు పిన్ను మా అబ్బా స్కూటరు నంబరు. ఉద్యోగంలో చేరిన ఏడు పెట్టుకున్నాను, ఇప్పటిదాకా మార్చలేదు. ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని నేను. మర్నాడు పొద్దున్నే వించిపేటలో మా ఇంటికి దగ్గరున్న ఏటీఎంకి వెళ్ళి ముందు నాది మార్చుకున్నాను. అప్పుడుగానీ ఇంకొకరిని అడిగే హక్కు రాలేదనిపించింది.

అదే రోజు మధ్యాహ్నం స్టేషను నుంచి కబురు వచ్చింది. ఎస్సై గారు ఒకసారి వచ్చి వెళ్ళమన్నారట. అబ్బా పండగ రోజు వేసుకునే తెల్ల లాల్చీ తీసి వేసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. నేనూ వెంట వెళ్ళాను.

ఎస్సై గారు మర్యాదగానే కుర్చీలు చూపించారు. చేపల వ్యాపారి అప్పటికే గోడవారగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అబ్బా వైపు చూడలేదు.

"బంగారు కొట్టు బయటి కెమెరా వీడియో ఇవాళే వచ్చిందండీ" అన్నారు ఎస్సై గారు. "మాస్కూ టోపీ పెట్టాడు. మొహం తెలవట్లేదు. మీకు తెలిసిన మనిషేమో చూస్తారని పిలిచాం."

మీకు తెలిసిన మనిషి అన్న మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, వీడియో తర్వాత చూద్దాం. ముందు ఆయన్ని నేను రెండు ప్రశ్నలు అడగొచ్చా?"

"అడగండి టీచర్ గారూ."

వ్యాపారి వైపు తిరిగాను. "పెట్రోలు బంకులో కార్డు గీకేటప్పుడు పిన్ను మీరు కొడతారా, వాళ్ళు కొడతారా?"

"వాళ్ళేనమ్మా. నేను చెబుతా, వాళ్ళు కొడతారు."

"గట్టిగా చెబుతారా?"

"ఇంజన్ల మోతలో వినపడొద్దా మరి!"

"మీరే ఎందుకు కొట్టుకోరు?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. ఐసుకు చర్మం తెల్లగా ఉబ్బిపోయి, గోళ్ళ సందుల్లో పొలుసులున్న చేతులు. "చేపల చేతులమ్మా. ఆ మిషను పట్టుకుంటే వాసనొచ్చేసుద్ది, తర్వాతోళ్ళు ఏమనుకుంటారు? మిషను పాడైపోద్దేమోనని కూడా భయమే."

నేను ఆయన మీద యుద్ధానికి వెళ్ళిన మనిషిని. ఆ మాట విన్నాక సగం కోపం అక్కడే పోయింది. ఇంకొకరి వస్తువు వాసన పడుతుందని తన రహస్యం పది మంది ముందు కేకేసి చెప్పుకునే మనిషిని ఏమంటాం? ఎస్సై గారు కూడా కలం పక్కన పెట్టారు.

మిగిలిన సగం కోపంతో లేచాను. స్టేషను ఆవరణలో రేకుల షెడ్డు కింద సిబ్బంది బండ్లు ఉన్నాయి. బయటికి వెళ్ళి ఏడు బండ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసుకొచ్చి ఎస్సై గారి బల్ల మీద పెట్టాను.

"ఈ ఏడుగురినీ పిలవండి సార్. ఎవరూ పిన్ను చెప్పొద్దు. మీ బండి నంబరే మీ కార్డు పిన్నా? ఔనా, కాదా? అంతవరకే చెప్పమనండి."

పిలిచారు. ఆరుగురు వచ్చి వరసగా నిలబడ్డారు. బడిలో హోంవర్కు చెయ్యని పిల్లల్ని లేపినప్పుడు ఎలా ఉంటుందో గది అలా అయిపోయింది. అందరికంటే ముందు ఒక ఆడ కానిస్టేబులు, "నాది ఔనండి" అంది. పక్కాయన, "నాదీ ఔనే" అన్నాడు. మూడో ఆయన పిన్ను తన బండిది కాదట, బావమరిది బండిదట. బావమరిదిదీ అదే స్టేషను, ఆ బండి కూడా షెడ్డులోనే ఉంది. ఆరుగురిలో ఇద్దరే కాదన్నారు. వాళ్ళలో ఒకాయనకు అసలు కార్డే లేదు.

"ఏడో బండి ఎవరిది?" అన్నాను.

ఎస్సై గారు గొంతు సవరించుకున్నారు. "ఏడోది నాదేనండి" అన్నారు. ఔనో కాదో చెప్పకుండా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చింపి, బుట్టలో వేశారు.

"పది నిమిషాలు. ముందు వెళ్ళి అందరూ మార్చుకు రండి" అని వాళ్ళతో అన్నారు. తనూ ఫోను తీశారు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉన్న ఏటీఎం ముందు ఖాకీ బట్టల వరస. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక పాఠం అంత తొందరగా పిల్లలకు ఎక్కడం నేను చూడలేదు.

వ్యాపారి అలాగే కూర్చుని ఉన్నాడు. "అయితే నా పిన్ను నేనే బండికి తగిలించుకుని తిరిగానా?" అని నెమ్మదిగా అన్నాడు. ఎవరినో అడిగినట్టు కాదు. లేచి అబ్బా ముందుకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పైపోయింది బాబాయ్."

అబ్బా "పర్లేదులే నాయనా" అన్నాడు. ఆయన మంచితనం ఆయనది. నేను మాత్రం ఊరుకోలేదు.

"అరిచింది ఇక్కడ కాదు. మా సందులో అరిచారు. అక్కడే చెప్పాలి."

"వస్తానమ్మా" అన్నాడు తల వంచుకుని.

అప్పుడు ఎస్సై గారు వచ్చి, ఎలాగూ వచ్చారు కదా చూడండి అని తన ఫోనులో వీడియో పెట్టారు. మాస్కు మనిషి బంగారు కొట్టు మెట్లు దిగాడు, బండెక్కాడు, వెళ్ళిపోయాడు. మేమందరం ఆ మనిషినే చూశాం. అబ్బా చూడలేదు. ఆయన జీవితంలో మనిషిని చూసింది ఎప్పుడు గనక!

"ఆపండి, ఆపండి. కొంచెం వెనక్కి" అన్నాడు. "బండి వెనక."

"నంబరు పడలేదండీ, సంచి అడ్డమొచ్చింది. చివర ఒక్క అంకె పడింది, రెండు. దాంతో ఏం చేస్తాం? జిల్లాలో వేల బండ్లుంటాయి."

అబ్బా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఫోను మొహానికి ఆనించుకున్నాడు. అంతసేపూ వంగి ఉన్న నడుము నిటారుగా లేచింది.

"ఇది చేత్తో రాసిందండీ, స్టిక్కరు కాదు. ఈ రెండు అంకె తోక చూడండి, చివర లోపలికి ముడిచాడు. మా ఉస్తాదు నేర్పిన ముడి ఇది. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇద్దరం. నేనొకణ్ణి. ట్రాఫిక్‌వాళ్ళు అంకె అర్థం కావట్లేదని గోల చేస్తే నేను ముడి మానేసి పాతికేళ్ళయింది. రెండోవాడు మైలవరంలో ఉన్నాడు. వాడు మొండోడు, మానలేదు."

అబ్బా తన ఫోను తీసి, అక్కడే కూర్చుని, మైలవరం కలిపాడు. క్షేమ సమాచారాలు అయ్యాక, నల్ల బండి, వెనక సీటుకు చిరుగు, చివర రెండు, ఈమధ్యే రాశావు, ఇంకా రంగు మెరుస్తోంది అని గుర్తులు చెప్పాడు. అవతల ఆయనకూ ఇదే జబ్బు. నిమిషం ఆలోచించి మొత్తం నంబరు చెప్పాడు. మనిషి పేరు తెలియదన్నాడు. అబ్బా నవ్వాడు. వారం తర్వాత అబ్బా నవ్వడం అదే మొదలు. నాకు ఆ గదిలో ఎగిరి గంతెయ్యాలనిపించింది. స్టేషను కనుక ఊరుకున్నాను.

మూడో రోజున మనిషి దొరికాడు. మాకెవరికీ తెలియని మనిషి. మార్కెట్ల దగ్గర ఆపిన బండ్ల పెట్టెలు విప్పడమే వాడి పని. అందులో కార్డు దొరికితే ముందుగా ఆ బండి నంబరే కొట్టి చూస్తాడట. చాలాసార్లు తగిలిందట. అమ్మకుండా దాచిన బంగారు నాణేలు కూడా దొరికాయి. ఎస్సై గారు స్వయంగా ఫోను చేసి ఈ సంగతి అబ్బాకు చెప్పారు. ఫోను పెట్టేముందు, "నేను మార్చేశానండీ" అని కూడా అన్నారట.

అబ్బా కొట్టు తీశాడు. తీయడమే కాదు, ఒక కొత్త చట్టం పెట్టాడు. ఎవరు నంబరు రాయించుకోవడానికి వచ్చినా కుంచె ముంచే ముందు, "ఇది మీ పిన్నా?" అని అడుగుతాడు. ఔనంటే రంగు డబ్బా మూత పెట్టేస్తాడు. వెళ్ళి మార్చుకుని రావాలి. వచ్చాక మళ్ళీ అడుగుతాడు, "ఎంత పెట్టావు?" అని. పాపం, అమాయకంగా నాలుగంకెలూ చెప్పేస్తారు. అప్పుడు మొదలవుతుంది తిట్ల దండకం. "నాకెందుకు చెప్పావు? నేనెవరిని? పో, మళ్ళీ మార్చుకుని రా." బందరు రోడ్డు నుంచి వచ్చిన ఒక డాక్టరు గారు మూడుసార్లు తిరిగారు.

అయినా సందు పూర్తిగా మునుపటిలా కాలేదు. దొంగ దొరికాడని పత్రికలో ఎక్కడో మూల వచ్చింది గానీ, నంబరు ప్లేట్ల ముసలాయన తప్పేమీ లేదని అందులో ఎందుకు రాస్తారు? అరుపు విన్నవాళ్ళు వంద మంది. నిజం విన్నవాళ్ళు పది మంది. ఆ వ్యాపారి వస్తానన్నాడు, నెల దాటినా రాలేదు. మొహం చెల్లక రాలేదేమో అన్నాడు అబ్బా. నేను మాత్రం రోజూ సాయంత్రం బడి నుంచి వస్తూ సందు మొదట్లో ఆగి చూసేదాన్ని. రాకపోతే ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి లాక్కురావాలని కూడా అనుకున్నాను. నేను వెళ్తాను కూడా.

అవసరం లేకపోయింది. ఒక ఆదివారం పదకొండు గంటలప్పుడు, సందు కిటకిటలాడుతున్న వేళ, కొత్త ట్రాలీ ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ వచ్చి మా కొట్టు ముందు ఆగింది. వ్యాపారి దిగాడు. వెంట భార్య. ఆమె చేతిలో అరిటాకులో చుట్టిన పండుగొప్ప చేప, పసిపిల్లంత ఉంది. నెలంతా ఆయన ఎక్కడికి పోయాడో అప్పుడు తెలిసింది. బండి చేతికి వచ్చేదాకా ఆగాడు. ఊరికే వచ్చి మాట చెప్పి పోవడం కాదు, పని కూడా ఇదే కొట్టులో చేయించుకోవాలని.

కొట్టు మెట్టెక్కకుండా, ఆ రోజు నిలబడిన చోటే రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. గొంతు మాత్రం ఆ రోజు కంటే పెద్దది.

"అందరూ వినండి! ఆ రోజు నేను బాబాయ్‌ని అనకూడని మాట అన్నాను. నా పిన్ను నేనే బండి మీద రాయించుకుని ఊరేగాను. దొంగని పట్టిచ్చింది ఈయనే. నా బంగారం తెచ్చింది ఈయనే. నాది తప్పు!"

స్పేరు పార్టుల కొట్టాయన బయటికి వచ్చాడు. టీ కొట్టు దగ్గర గ్లాసులు ఆగాయి. అబ్బా కుంచెలు కడుగుతున్నవాడు అలాగే ఉండిపోయాడు. కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు. అద్దాలకు ఏమీ కాలేదు.

తర్వాత పని మొదలైంది. ఆటో రెండు పక్కలా నంబరు పెద్దగా రాయాలి. నంబరు కాగితం తీసి ఇచ్చాడు వ్యాపారి. కూడితే తొమ్మిదే. అబ్బా మూత తియ్యకుండా అడిగాడు.

"ఇది నీ కార్డు పిన్నా?"

"కాదు బాబాయ్. ఇప్పుడు బంకులో కూడా నేనే కొట్టుకుంటన్నా. జేబులో గుడ్డ పెట్టుకున్నా, చేతులు తుడుచుకుని మరీ కొడతన్నా."

"మంచిది. మరి ఎంత పెట్టావు?"

ఈ ప్రశ్న దగ్గర డాక్టరు గారే బోల్తా పడ్డారు. వ్యాపారి నోరు తెరిచాడు. అబ్బా అంటే ఎంత గౌరవమో, ఎంత సిగ్గుతో వచ్చాడో నాకు తెలుసు. బాబాయ్ అడిగితే లేదనగలడా? భార్య వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నోరు మూసి, మళ్ళీ తెరిచి, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"మీరు ఏమనుకున్నా సరే బాబాయ్. చెప్పనండి."

అబ్బా లేచి నిలబడ్డాడు. రంగు డబ్బా మూత తీసి అవతల పడేశాడు. నలభై ఏళ్ళలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి, రోడ్డు మీదికి వచ్చి, ఆ కొస నుంచి ఈ కొసకు వినపడేలా అరిచాడు.

"విన్నారా! చెప్పడంట! నాకు కూడా చెప్పడంట!"